దాచమంటారా, పారేయమంటారా?

నేను ఒక ప్రశ్నను. కంప్యూటర్ తెర మధ్యలో ఉన్నట్టుండి లేచి నిలబడే బూడిదరంగు పెట్టెలో నా కాపురం. మీరు పని ముగించి ఫైలు మూయబోయే ముందు, ఇంతసేపూ చేసినదాన్ని ఏం చేయమంటారని అడగడం నా ఉద్యోగం. మీకూ నాకూ రోజూ ముఖాముఖీ ఉంది. ఉంది గాని, మీరెన్నడూ నా మొహం చూసిన పాపాన పోలేదు. నేను పూర్తిగా తెర మీదికి రాకముందే నా నెత్తిన ఒక క్లిక్కు పడేసి లేచిపోతారు. అడగకముందే జవాబు చెప్పేవాళ్ళతో ఎవరైనా ఎన్నాళ్ళు వేగుతారు? ఇంట్లో ఇలా చేస్తే గొడవలవుతాయి. నాతో చేస్తే మాత్రం అది చురుగ్గా పనిచేయడమట!

నేను పుట్టింది విజయనగరంలో, మూడు లాంతర్ల కూడలి దగ్గర ఒక మేడ మీది గదిలో. నన్ను రాసినవాడు భానోజీరావు. ఆ పక్క వీధిలోనే ఒక ట్రస్టువాళ్ళు చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివించి రికార్డు చేసేవారు. వాళ్ళ స్టూడియో కోసం భానోజీ ఒక రికార్డింగు సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. స్టూడియోలో కంప్యూటర్ నడిపే ఆవిడ పేరు పైడితల్లి. ఎం.ఏ. తెలుగు చదివింది. ఆవిడకూ పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపించే గొంతు ఒకటి ఆ కంప్యూటర్లో ఉండేది. ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మౌసు జోలికి పోకుండా, ఆ గొంతు చెప్పింది వింటూ కీబోర్డుతోనే పనంతా నడిపేది.

భానోజీ మొదట నన్ను "మార్పులను భద్రపరచదలచితిరా?" అని రాశాడు. పైడితల్లి విని నవ్వింది.

"ఇదేటి బాబూ, కోర్టు నోటీసులాగుంది? ఇంట్లో మనిషి అడిగినట్టు అడగాల," అంది.

దాంతో అతను కూర్చుని నన్ను మళ్ళీ రాశాడు. "ఈ రికార్డింగు దాచమంటారా, పారేయమంటారా?" కింద రెండు బటన్లు. మొదటిది 'దాచు', రెండోది 'పారెయ్'. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడమంటే అదీ. ఆ ఇద్దరి పుణ్యమా అని నాకొక మాట, మర్యాద వచ్చాయి.

ఆ తరవాత కొన్నేళ్ళు నేను సుఖంగా ఉన్నాననే చెప్పాలి. పుస్తకాలు చదవడానికి వచ్చేవాళ్ళు, ట్రస్టు సెక్రటరీ గురుమూర్తిగారు, ఎవరు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నా నన్ను చూడకుండానే నొక్కేవారు. గురుమూర్తిగారైతే కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మరీ చూడకుండా నొక్కేవారు. పైడితల్లి మాత్రం నన్ను మొదటి అక్షరం నుంచి చివరిదాకా వినేది. బటన్ల పేర్లు కూడా వినేది. అప్పుడు నొక్కేది. ఇంతమంది కళ్ళున్నవాళ్ళ మధ్య నన్ను ఆసాంతం చదివింది ఆవిడొక్కతే. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

భానోజీకి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆనక ఎవరో దాత ముందుకొచ్చి, సాఫ్ట్‌వేర్ పాతగా ఉంది, కొత్త రూపం ఇప్పిస్తానన్నారు. హైదరాబాదు నుంచి కౌశిక్ అనే డిజైనర్ వచ్చాడు. మంచివాడే, మెత్తగా మాట్లాడతాడు. నన్ను చూసి ఇంత మాట దేనికన్నాడు. తెర మీద అక్షరాలు ఎక్కువైతే కళ్ళకు శ్రమట, తేటగా ఉండాలట. నా ప్రశ్న పీకేశాడు. నా బటన్ల మీది పేర్లు చెరిపేశాడు. వాటి చోట రెండు చక్కటి నీలం బొమ్మలు పెట్టాడు, ఒకటి చెత్తబుట్ట, ఒకటి పెట్టె. అంతటితో ఆగాడా? చెత్తబుట్టను ముందుకు తెచ్చాడు. అలా అయితే తూకంగా కనిపిస్తుందట. చూపులేనివాళ్ళ స్టూడియోలో, చూపులేని మనిషి నడిపే కంప్యూటర్లో, చూడటానికి బాగుండాలని నా నోరు నొక్కేశారు. గురుమూర్తిగారు చూసి అబ్బా, ఎంత అందంగా ఉందో అన్నారు. పైడితల్లిని ఎవరూ అడగలేదు.

ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. రిటైరైన లక్ష్మీకాంతం టీచరు పొద్దుట్నుంచీ కూర్చుని చరిత్ర పాఠాలు చదివింది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. చదవడం అయ్యాక పైడితల్లి ఫైలు మూయబోయింది. నేను లేచాను. బొమ్మలకు పేర్లు లేవు కాబట్టి చదివే గొంతుకు చెప్పడానికేమీ దొరకలేదు. "బటన్" అంది. పైడితల్లి పక్కదానికి జరిగింది. "బటన్" అంది మళ్ళీ. ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. ఇక్కడేదో తేడాగా ఉంది, ఒకసారి చూడమని గురుమూర్తిగారిని అడిగింది. ఆయన కుర్చీలోంచి లేవకుండానే, ఎప్పటిలాగే మొదటిది నొక్కమ్మా అన్నారు. ఆవిడ నొక్కింది. టీచరు గొంతంతా మళ్ళీ దొరకకుండా చెత్తబుట్టలో పడింది.

నేను అరవాలనుకున్నాను. దేనితో అరవను?

మర్నాడు గురుమూర్తిగారు తీర్పు చెప్పేశారు. పాపం ఆవిడ తప్పేం లేదు, కనబడదు కదా అన్నారు. నెల మారగానే కళ్ళున్న ఆపరేటర్ని పెట్టుకుందామనీ, పైడితల్లి ఫోన్లు ఎత్తితే చాలుననీ అన్నారు. మొదటిది నొక్కమన్నది తానేనన్న సంగతి ఆయనకు గుర్తే లేదు.  ఆవిడను తిట్టినా నాకు ఆ జాలి అంత బాధ ఉండేది కాదు. పైడితల్లి వాదించలేదు. ఈ కొత్త రూపం చేసిన అబ్బాయిని ఒకసారి పిలిపించండి, ఆ తరవాత మీరెక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చుంటానంది.

కౌశిక్ వచ్చాడు. గురుమూర్తిగారు ఎదురుగా ఉన్నారు. కొత్త రూపంలో ఏమేం బాగున్నాయో మైకులో చెప్పమంది పైడితల్లి. అతను సంబరంగా చెప్పాడు. తేటదనం, తూకం, కళ్ళకు హాయి, అన్నీ చెప్పాడు. అతను ఆపగానే ఆవిడ తెర ఆపేసి, తన హెడ్‌ఫోన్లు తీసి అతని చేతికిచ్చింది.

"ఇప్పుడు నీ మాటలన్నీ ఇందులో ఉన్నాయి. దాచుకో బాబూ," అంది.

అతను మూయబోయాడు. చీకటి తెర వెనక నేను లేచాను. "బటన్" అంది గొంతు. అతను జరిపాడు. "బటన్." వెనక్కి వచ్చాడు. "బటన్." ముందుకీ వెనక్కీ తిరిగాడు. బొమ్మలు గీసింది అతనే, ఏది ముందు పెట్టాడో అతనికే గుర్తురాలేదు. చివరికి ఒకటి నొక్కాడు. పైడితల్లి తెర వెలిగించింది. రికార్డింగు లేదు.

"నువ్వు కళ్ళున్నోడివే కదా. నీకేటి కనపడింది?" అంది.

అతని మొహం ఎర్రబడింది. తప్పు నాదే మేడమ్ అన్నాడు, ఆవిడతోనే అన్నాడు. అతనిలోని ఆ మంచి నేను ఒప్పుకుంటాను. అక్కడే కూర్చుని నా ప్రశ్న నాకు రాసిచ్చాడు, బటన్లకు పేర్లు పెట్టాడు, 'దాచు'ను మొదటికి తెచ్చాడు. తెచ్చిన టీ చల్లారేలోపు పనైపోయింది. ఆ కాస్త పనికి ఒక మనిషి కుర్చీ ఊడబోయింది చూడండి! ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని నన్ను లేపింది. నేను అడిగాను. చివరిదాకా వింది, ఇంకోసారి వింది. కంటివెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. లక్ష్మీకాంతం టీచరు ఆ వారమే వచ్చి పాఠాలన్నీ మళ్ళీ చదివింది.

గురుమూర్తిగారు క్షమించమని అడగలేదు. సరేలే, అందరికీ పొరపాట్లవుతాయి అన్నారు. కొత్త ఆపరేటర్ మాట మళ్ళీ ఎత్తలేదు.

తరవాత ఒక మధ్యాహ్నం, పైడితల్లి భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన ఆవిడ కుర్చీలో కూర్చుని తన వార్షికోత్సవ ప్రసంగం రికార్డు చేసుకున్నారు. బాగా వచ్చింది. నాలుగు చోట్ల ఆయనే నవ్వుకున్నారు. మూయబోయారు. నేను లేచాను, ఇంత పెద్ద అక్షరాలతో, మాటా పేరూ అన్నీ ఉండి. ఆయన మౌసు 'పారెయ్' దగ్గర ఉంది. టక్కున నొక్కారు.

పైడితల్లి వచ్చేసరికి ఆయన రుసరుసలాడుతున్నారు. ఈ దిక్కుమాలిన కంప్యూటర్ తన ప్రసంగం మింగేసిందట. అక్కడ ఉన్నవాళ్ళంతా అయ్యో అన్నారు. అవును, కంప్యూటర్లంతే అన్నారు.

"నొక్కే ముందు అక్కడేటి రాసుందో చదివారా సార్?" అని అడిగింది పైడితల్లి.

"అక్కడేమైనా రాసి ఉంటుందా?" అన్నారాయన.

ఆయన సెక్రటరీ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడదామని ఆ గదిలో ఎవరికీ తోచలేదు.