పాలలాంటి నీళ్లు, నిలవని సారు

నీటి శాఖ పెద్దసారు ఎవరి ఫోనులోనో జలపాతం ఫొటో ఒకటి చూశాడు. నీళ్లు పాలలా జారుతున్నాయట. ఇంకేముంది, కొత్త క్యాలెండరుకి ఆనకట్ట గేట్ల దగ్గర అచ్చం అలాంటిదే కావాలన్నాడు. ముందు తను నిలబడాలి, వెనక పాలు పారాలి. నీటి శాఖకి పాలెందుకని అడిగే దమ్ము ఎవరికుంది?

పని ఆఫీసు ఫొటోగ్రాఫరు నెత్తిన పడింది. ఏళ్ల తరబడి టెంపరరీగానే పడివున్న మనిషి. "ఫొటో బాగా వస్తే నీ ఉద్యోగం పర్మనెంటు చేస్తానమ్మా" అన్నాడు సారు. ఆ ఒక్క సంతకం కోసం ఆమె ఎన్ని రిబ్బన్ కత్తిరింపులకి కెమెరా మోసిందో దేవుడికే తెలియాలి.

"తెల్లారగానే వెళ్దాం సార్. ఎండెక్కితే నీళ్లు తెల్లగా మాడిపోతాయి."

"నీళ్లు మాడటమేంటమ్మా!" అని సారు విరగబడి నవ్వాడు. హెడ్ గుమాస్తా కూడా నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఆ మహానుభావుడికే తెలీదు.

తీరిగ్గా లేచి, మీసానికి రంగేసుకుని సారు వేంచేసేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పైగా తెల్లచొక్కా. ఆమె కెమెరాని స్టాండుకి బిగించి, లెన్సుకి నల్ల ఫిల్టరు తగిలించింది. నీళ్లు పాలలా పడాలంటే షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి. అంతసేపు లోపలికి వచ్చిపడే వెలుగుని ఆ నల్లగాజే అడ్డుకోవాలి.

"ఆ నల్లద్దం ఏంటి? నా మొహం నల్లగా పడదూ?"

"పడదు సార్. ఇది లేకపోతే అంతా తెల్లగా..."

"తెల్లగా పడితే మంచిదేగా! తీసెయ్."

ఫిల్టరు తీసేసి ఫొటో కొట్టింది. లెన్సు కన్నాన్ని ఎంత చిన్నది చేసినా లాభం లేకపోయింది. తెరమీద నీళ్లు లేవు, గేట్లు లేవు, చొక్కా లేదు. సున్నం కొట్టిన గోడమీద రంగేసిన మీసం ఒక్కటే మిగిలింది.

"కెమెరాలోనే ఏదో లోపం సార్" అన్నాడు గుమాస్తా, జన్మలో కెమెరా ముట్టని పెద్దమనిషి.

ఆమె మళ్లీ ఫిల్టరు పెట్టింది. "నేను చెప్పేదాకా కదలకండి సార్. కదిలితే ఫొటోలో పడరు."

"బండలా నిలబడతా చూడు!"

నిలబడితేగా! షట్టరు తెరుచుకోగానే ఫోను తీశాడు. గేట్లవైపు చెయ్యి చూపిస్తూ ఎవరినో కేకలేశాడు, ముక్కు గోక్కున్నాడు, అటూ ఇటూ పచార్లు చేశాడు. తీరా చూస్తే నీళ్లు వెన్నలా వచ్చాయి, గేట్ల మీది తుప్పు సైతం విడివిడిగా కనిపిస్తోంది. అంత మంచి ఫొటో ఆమె ఎన్నడూ తీయలేదు. సారు మాత్రం లేడు. రెయిలింగు దగ్గర కాస్త పొగలాంటిదేదో ఉంది, అంతే. ఆమెకి నవ్వాగలేదు. మళ్లీ తీస్తానంటే టైము లేదని సారు కారెక్కాడు.

మర్నాడు ఆఫీసులో పంచాయితీ.

"ఇందులో నేనెక్కడ?"

"కదిలారు సార్."

"కదిలితే మనిషి మాయమైపోతాడా! చోద్యం కాకపోతే. నా పాత ఫొటో ఉందిగా, అతికించెయ్. ఇప్పుడే సంతకం పెడతా. నీకిష్టం లేదంటే చెప్పు, అతికించేవాళ్లు బయట బోలెడుమంది."

నాలుగు దులిపేసి బయటికి నడుద్దామనుకుంది. నడవలేదు. కంప్యూటరు ముందు కూర్చుని అతికించింది. అదీ మనసుపెట్టి, కాళ్ల కింద నీడతో సహా. సారు సంతకం పెట్టాడు.

"ఎంత నిబ్బరంగా నిలబడ్డారు సార్!" అన్నాడు గుమాస్తా క్యాలెండరు చూసి. ఇన్నాళ్లూ ఆమె వాణ్ని చూసి ఈసడించుకుంది. ఇప్పుడు వాడి మొహంలోకి చూడటానికి మొహం చెల్లలేదు.

ఇంట్లో అమ్మ సంబరం చెప్పనలవి కాదు. వంటింట్లో మేకు కొట్టి మరీ క్యాలెండరు తగిలించింది. "నీళ్లు ఎంత ముద్దొస్తున్నాయే! నువ్వు తీసిందేనా?"

"కాదు" అంది.