నాలుగు గుండీలు

మా ఫ్యాక్టరీ ఆఫీసు గుమాస్తా కాలరు పట్టుకుని గోడకి అదిమేశాను. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, అందుకే నాకు ఒళ్ళు మండింది.

"నన్ను కొడితే ఏమొస్తుందయ్యా?" అన్నాడు ఊపిరాడక. "మీ తమ్ముడి వైకల్యం సర్టిఫికెట్ గడువు అయిపోయింది. రేపు ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష. తన పనులు తను చేసుకుంటున్నాడని రాశారో, వాడి పేరున నీ జీతం మీద వచ్చే పన్ను మినహాయింపు గల్లంతే. గుండీలు పెట్టుకుంటున్నాడని క్యాంటీన్లో అందరికీ చాటింది నువ్వే కదా."

చాటాను. చాటనా మరి? ముప్పై ఏళ్ళవాడు. మాట రాదు, వేళ్ళు చెప్పినట్టు వినవు. రోజంతా లేత్ మెషీన్ దగ్గర నిలబడి వచ్చి, రెండేళ్ళపాటు వాడి వేళ్ళు నా వేళ్ళతో పట్టుకుని నాలుగు గుండీలు నేర్పాను. తలప్రాణం తోకకొచ్చింది. నాలుగోది పడిన రోజు వాడు పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు. కానీ వాడి మూర్ఛ మందులు కొనేది ఆ మినహాయింపు వల్ల మిగిలే డబ్బుతోనే.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నాకు చూపించడానికని గుండీలన్నీ విప్పి మళ్ళీ పెట్టడం మొదలుపెట్టాడు.

"రేపు డాక్టరు ముందు ఇలా చెయ్యకూడదురా," అన్నాను.

నవ్వాడు. చేతి మీద ఒక్కటిచ్చాను. ఆటనుకుని మళ్ళీ గుండీ పట్టుకున్నాడు. నడుం నుంచి బెల్టు లాగాను.

ముట్టుకున్నప్పుడల్లా కొట్టాను, వేళ్ళ మీదే. బకిల్ తగిలి ఒక గోరు లేచిపోయింది. చొక్కా మీద రక్తం చిమ్మింది. మా ఆవిడ అడ్డమొస్తే తోసేశాను. బల్ల అంచు తగిలి ఆమె నుదురు చిట్లింది. లేచొచ్చి నా ముంజేయి కండ ఊడేలా కొరికింది.

"మనిషివేనా నువ్వు? నేర్పింది నువ్వే, కొట్టేదీ నువ్వేనా?"

"మందుల్లేక వాడు నేల మీద పడి కొట్టుకుంటుంటే చూస్తావా?" అని ఆమెను విదిలించుకుని మళ్ళీ కొట్టాను.

చివరికి వాడి చెయ్యి గుండీ దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడు బెల్టు కింద పడేశాను.

మర్నాడు డాక్టరమ్మ వాడి గుండీలు విప్పి, "పెట్టుకో బాబూ," అంది. వాడు చేతులు వెనక దాచుకున్నాడు. మూడుసార్లు అడిగింది. వాడు నా నడుం వంకే చూస్తున్నాడు.

"వేళ్ళకి ఆ కట్లేమిటి?"

"తలుపులో నలిగాయండీ."

ఆమె కాగితం ముందుకు లాక్కుంది. తీవ్ర వైకల్యం అని రాసి ముద్ర వేసింది. ఆ కాగితం గుమాస్తా ఫైల్లో చేరింది, మినహాయింపు నిలిచింది. మందులకు లోటు లేదు. మా ఆవిడ మాత్రం నాతో మాట్లాడడం మానేసింది.

వేళ్ళు మానిన ఆదివారం, బెల్టు చెత్తకుండీలో పడేసి వచ్చి వాడి ఎదురుగా కూర్చున్నాను. సిగ్గుతో వాడి మొహం చూడలేకపోయాను. చొక్కా తొడిగి, పై గుండీ వాడి వేళ్ళ మధ్య పెట్టాను.

"పెట్టరా నాన్నా. ఇంక కొట్టను."

వాడు గుండీ వదిలేశాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ నా ముందుకు చాపాడు.