తడి ఆరని నార

వడమాలపేటలో భారతమ్మ ఇంటి ముందు ప్రతి శుక్రవారం ఒక ఆటో ఆగుతుంది. డ్రైవరు దిగడు, హారన్ కొడతాడు. ఆమే వాకిట్లోకి వచ్చి చేసిన సరుకు అందించి, అరటినార సంచి తీసుకోవాలి. ‘ముసలామెకు ఇంట్లోనే పని దొరికింది, అదృష్టవంతురాలు’ అంటారు చూసినవాళ్లు. అయ్యా, కాస్త ఆ గడప లోపలికి కూడా చూడండి.

ఒకప్పుడు భారతమ్మ మరో ఐదుగురితో కలిసి తన వసారాలో కూర్చుని తిరుపతి పూలకొట్లకు అరటినారతో మాలలు కట్టేది. ఆ వసారాలో పూలకంటే ఎకసెక్కాలే ఎక్కువ. తర్వాత ప్లాస్టిక్ దారం వచ్చింది, తోటివాళ్లు తలా ఒక పనికి పోయారు. పిల్లాపీచూ లేని భారతమ్మ ఒక్కతే మిగిలింది. పలకరించే దిక్కులేక పొయ్యితో మాట్లాడేది.

ఆ మధ్య పుత్తూరులో జెస్సీ అనే అమ్మాయి ఒక షెడ్డు పెట్టింది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారం మామూలుగా నైలానుతో చేస్తారు, పారేస్తే మట్టిలో కలవదు. జెస్సీ దాన్ని అరటినారతో చేయిస్తుంది. నారను వెంట్రుకంత సన్నగా చీల్చి, పురిపెట్టి, తేనెమైనం పట్టించాలి. చీల్చడంలో భారతమ్మ చేతిని మించింది లేదు. షెడ్డులో పదిమంది ఆడవాళ్లు కలిసి కూర్చుంటారు. ‘పెద్దామెకు బస్సెక్కడం కష్టం’ అని జెస్సీ వాళ్లే తీర్మానించి ఆమెకు పని ఇంటికి పంపారు. ఆమెను అడిగిన పాపాన పోలేదు.

ఆ హారన్ కోసమే భారతమ్మ వారమంతా ఎదురుచూసేది. అదీ పోతే ఇక ఆ వాకిట్లో మనిషి అలికిడే ఉండదు.

ఒక శుక్రవారం ఆటోలోంచి జెస్సీయే దిగింది. చేతిలో తెరిచిన దారం డబ్బాలు, వాటి నిండా నల్లటి బూజు.

“ఇదేందవ్వా! మూడు వందల డబ్బాలు వాపసొచ్చినాయి. నోట్లో పెట్టుకునేది గదా!”

భారతమ్మ గబగబా ఆమెను లోపలికి తీసుకెళ్లింది. “నేనేం తప్పు సేసినా పాపా? సూడు, ఎంత పదిలంగా పెట్టినానో!” అంటూ గంప చూపింది. నారంతా తడిగోనెలో చుట్టి ఉంది. ఆ తడి మీదే ఆమె మైనం పట్టించింది.

“తడిపేదేమిటికి?”

“ఆరితే నార పుటుక్కున తెగుతాది గదా! పూలు కట్టేటప్పుడు నలభై ఏండ్లు ఇట్లనే సేసినా.”

“బాగా ఆరబెట్టి చేయాలని షెడ్డులో అందరికీ మొదటిరోజే చెప్పినామే!”

“షెడ్డులో సెప్పినారు. నేను యాడుండా? ఈడ నాకు సెప్పేదానికి ఎవురుండారు?” భారతమ్మ గంపను దగ్గరికి లాక్కుంది. “పని తీసెయ్యొద్దు తల్లీ. కూలి ఇయ్యకున్నా సేస్తా. ఆటో మాత్రం ఆగమను.”

జెస్సీ కోపమంతా దిగిపోయింది. అక్కడే నేలమీద కూలబడింది.

“తప్పు నాదవ్వా. బస్సెక్కి రాగలవా అని ఒక్కసారన్నా అడగలా.”

“రాలేనని ఎవురన్నారు? మొన్న తిరుత్తణికి బస్సులో నిలబడే పోయొచ్చినా!”

జెస్సీ ఆమెను షెడ్డుకే రమ్మంది. సోమవారం పుత్తూరు పోయే తొమ్మిదింటి బస్సుకు భారతమ్మ ఏడింటికే రోడ్డు మీద నిలబడింది. అన్నం డబ్బాలో చింతకాయ పచ్చడి పదిమందికి సరిపడా పెట్టుకుంది.

పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి ఏదో ఒకటి పంపేసి, పుణ్యం చేశామని మురిసిపోతుంటాం మనం. చేతికి పని ఇస్తే చాలదు, పక్కన కూర్చునే మనిషినీ ఇవ్వాలి.