చేతులు లేని వార్డు

కెమెరా తెరమీద దుప్పటి తెల్లగానే కనిపించింది. నెత్తురంతా బాలింత నడుం కింద మడుగు కట్టింది. పురుడయ్యాక నడుం కిందకి చెయ్యి పోనిచ్చి తడి చూడటం మా నర్సుల పని. ఆ చేతుల్ని వార్డులోంచి లాగేసి, పైఅంతస్తులో తెరల ముందు కూర్చోబెట్టారు. కింద నాలుగు వార్డులకి ఒక్క నర్సే మిగిలింది. బాలింత ముఖం పాలిపోవడం చూసి, మా అందరిలోకీ చిన్నదైన చిట్టి, కుర్చీ వదిలి పరుగెత్తింది. తలుపు దగ్గర గార్డు లాఠీ అడ్డం పెట్టాడు. కుర్చీ వదలకూడదని పైవాళ్ల ఆర్డరట. వాణ్ణి తోసుకుని దిగేసరికి ఆ తల్లి చల్లబడిపోయింది.

మర్నాడే సూపరింటెండెంట్ మమ్మల్ని హాల్లో పోగుచేసి కాగితాలు పంచాడు. దూరం నుంచి సేవ చేయడం మీద నర్సుల వైఖరి కొలుస్తారట. పూర్తిగా ఇష్టం మొదలు బొత్తిగా అయిష్టం దాకా ఐదు గళ్లు, కింద పేరు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. వైఖరి నచ్చకపోతే ఉద్యోగం ఊడుతుందని మాకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లలుగలవాళ్లం, ఇష్టమని గీత గీసి ఊరుకుందామని కొందరన్నారు. ఊరుకుంటే రేపు ఇంకో తల్లి పోతుందని కొందరు తగువుకి దిగారు.

అంతలో చనిపోయినామె మొగుడు, ఇటుకబట్టీ కూలీ, తన తోటివాళ్లతో దూసుకొచ్చాడు. చిట్టి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు.

"అది చస్తుంటే బొమ్మ చూసినట్టు చూస్తూ కూర్చున్నావట గదే."

చిట్టి నుదురు చిట్లింది. అది చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. మా అందరికీ పెద్దదైన పెద్దక్క అతని చెయ్యి పట్టుకుంది.

"నీ కడుపుమంట మాకు తెలుసయ్యా. కానీ ఇది కిందికి పరుగెత్తితే ఆపిందెవడో అడుగు. నీ పెళ్లాం పక్కన మనిషి లేకుండా చేసిందెవడో అడుగు."

అతను జుట్టు వదిలి సూపరింటెండెంట్ వైపు తిరిగాడు. ఆయన గార్డుల్ని పిలిచాడు. కూలీ అనలేదు, నర్సు అనలేదు, గొడ్లని బాదినట్టు బాదారు. పెద్దక్క మణికట్టు విరిగిన చప్పుడు హాలంతా విన్నాం. ఆ చప్పుడుతో మా భయం చచ్చింది. కుర్చీలెత్తి గార్డుల మీద వేశాం. కూలీలు పైకెక్కి తెరలు పగలగొట్టారు. మేం వార్డుల్లోకి దిగి మంచాల పక్కన నిలబడ్డాం.

పోలీసులు పెద్దక్కనీ చిట్టినీ చనిపోయినామె మొగుణ్ణీ మెట్ల మీదుగా ఈడ్చుకుపోయారు. మిగిలినవాళ్లం మంచాలు వదల్లేదు. మేం కాకపోతే మా తాతల్లాంటివాళ్లు దొరుకుతారని సూపరింటెండెంట్ నర్సింగు కాలేజీ ఆడపిల్లల్ని బస్సులో దింపించాడు. వాళ్లు మెట్ల మీది నెత్తురు చూసి ఆగిపోయారు. పైన పగలకుండా మిగిలిన తెరల దగ్గరికి నడవమని ఆయన వేలు చూపించాడు. ఒక్కతీ కదల్లేదు. ముందున్న పిల్ల ఆయన్ని దాటుకుని మా దగ్గరికొచ్చింది.

"ఏ వార్డులో చేతులు తక్కువయ్యాయక్కా?"