విరూపాక్షశాస్త్రి ప్రకృతినిర్ణయము

హేమంతము ప్రవేశించి గౌతమీజలములపైఁ బఱచుకొన్న ధూసరతుషారము మధ్యాహ్నమగుదాఁకఁ దొలఁగకుండఁగా, కోఁతలు ముగిసిన లంకభూములమీఁదుగా వీచు శీతలమారుతము రాజమహేంద్రవరపు వృద్ధుల కీళ్లను వెదకి వెదకి బాధించుచున్న యొకానొక మార్గశిరాపరాహ్ణమున పెదపాటి సర్వేశలింగమను వైద్యుఁడు మందులపెట్టెను చంక నిడుకొని దేవరంపాటి విరూపాక్షశాస్త్రిగారి గృహసోపానముల నొక్కొక్కటిగా నెక్కుచుండెను. నలువదియేండ్లు పరుల నాడులు పరీక్షించిన యాతనికి ఇపుడు స్వదేహమే మోయరాని బరువై తోఁచుచుండెను. ఆ గృహమున కాతఁడు వచ్చుట అది పదునొకండవ దినము. వచ్చిన ప్రతిదినమును రోగి ముందటి దినముకంటెఁ గృశించియే కనఁబడెను.

విరూపాక్షశాస్త్రి యనఁగా ఆంధ్రదేశమున నెఱుఁగనివారు లేరు. అధికారుల దౌష్ట్యమును మఠాధిపతుల దంభమును చీల్చి చెండాడిన యాతని వచనగ్రంథములు చదువువారికి అక్షరములనుండి సెగ తగులుచున్నట్లు తోఁచెడిది. ఆతనిని కన్నులారఁ జూడనివారు సైతము ఆతఁడు రక్తనేత్రుఁడనియు ప్రచండకోపుఁడనియు నూహించి చెప్పుకొనుచుందురు. సర్వేశలింగమును అట్టి పాఠకులలో నొక్కఁడు. మొదటి దినమున జ్వరవేగమున రోగి నాడి నిలుకడ లేక తడఁబడి యేమియుఁ దెలుపకపోఁగా ఆతఁడు మంచముమీఁది మనుష్యుని విడిచి తాను పఠించిన గ్రంథములను స్మరించి, ఇట్టి వాక్యములు వ్రాసినవాఁడు వేఁడి మిక్కుటమైన పిత్తప్రకృతివాఁడు గాక మఱేమగునని నిశ్చయించుకొనెను. నాఁటినుండి చందనలేపనములును తడిపిన వట్టివేళ్ల తెరలును చలువచేయు కషాయములును ఎడతెగక జరుగుచుండెను.

ఆనాఁడు జ్వరము జాడ లేదు గాని రోగి కుడిచేయి కొయ్యవలె బిగిసియుండెను. పెదవులు కదలెను గాని మాట వెలువడలేదు. ఏమి చేయుటకును దోఁపక వైద్యుఁడు మంచముప్రక్కఁ జతికిలఁబడెను. అంతవఱకును తలుపుచాటుననే నిలిచి కావలసినవి యందించుచుండిన శాస్త్రిగారి భార్య త్రిపురాంబ అపుడు మెల్లఁగా దగ్గఱకు వచ్చి యా చందనమును తుడిచివేయుటకు సెలవు వేఁడెను. ఆయన చలికి తాళలేరని చెప్పెను. నడివేసవియందును కంబళి కప్పుకొందురనియు, వీథిలోఁ గుక్క మొఱిగినను ఉలికిపడుదురనియు, నిదుర యెన్నఁడును నిండుగాఁ బట్టదనియు, ముప్పదియాఱేండ్ల కాఁపురమున నొక్కమాఱైనను గొంతెత్తి మాటాడి యెఱుఁగరనియు, వ్రాయఁ గూర్చుండినపుడెల్ల చేతులు వడఁకుచుండఁగా తన్ను ప్రక్కను గూర్చుండుమని బ్రతిమాలుకొందురనియు ఆమె చెప్పుచుండఁగా వైద్యుని ముఖము వివర్ణమయ్యెను. అవి యన్నియు వాతప్రకృతి లక్షణములు. వాతమునకు శీతలోపచారమును మించిన శత్రువు లేదు.

"అమ్మా, ఈ సంగతి మొదటి దినముననే యేల చెప్పరైతిరి?" అని యాతఁడు హీనస్వరమున నడిగెను.

"అయ్యా, వచ్చినవారెల్లరును వారిని ముందే యెఱిఁగినవారివలె వచ్చిరి. నన్ను అడిగినవారు లేరు. నేను చదువు రానిదానను. పుస్తకములలో నున్నవారే నిజమైనవారేమో యని యూరకుంటిని."

వైద్యుఁడు లేచి వట్టివేళ్ల తెరలను స్వయముగా విప్పివైచి, వేఁడినీట వస్త్రము ముంచి చందనమంతయుఁ దుడిచి, నువ్వులనూనె కాఁచి తెప్పించి రోగి యంగములకు మర్దనము చేయఁ దొడఁగెను. మూఁడు వారములు రెండుపూఁటలును అట్లే చేసెను. శాస్త్రిగారికిఁ బ్రాణభయము తప్పెను, మాటయు మరలి వచ్చెను. కుడిచేయి మాత్రము తిరిగి స్వాధీనము కాలేదు.

ఒకనాఁటి యుదయమున సర్వేశలింగము తన పొరపాటును దాఁపక విన్నవించి, తనవలననే దేశమొక మహాలేఖకుని గోల్పోయినదని కన్నీరు పెట్టుకొనెను. శాస్త్రిగారు చాలసేపు తమ చేతినే చూచుకొనుచుండి యిట్లనిరి. "విచారింపకుఁడు. వెఱచుచు వెఱచుచునే యన్నియు వ్రాసితిని. ఇంతకాలము వీరునివలె నగపడి యగపడి మిక్కిలి యలసితిని. ఇఁక వ్రాయుమని నన్నెవ్వరును అడుగరు గదా." ఆ మాటలో నిందయు లేదు, సంతోషమును లేదు. క్షమింపఁబడితినో లేదో తెలియకయే వైద్యుఁడు సెలవు గైకొని యిల్లు చేరెను.

పుస్తకము మనుష్యునకు నీడ కావచ్చును గాని నీడ నాడిని పట్టి రోగము చెప్పుట యెవ్వనికిని శక్యము గాదు. ఈ యెఱుక యాతనికి అఱువదియవయేఁట, ఒక చేతిని బలిగొని లభించెను.

ఇంటియరుగుపై నొక పల్లెకారుఁడు దగ్గుచుఁ గూర్చుండియుండెను. ఆతని భార్య దూరముగా గోడ నానుకొని నిలిచియుండెను. పల్లెకారుఁడు వాడుక చొప్పున చేయి చాఁచెను. సర్వేశలింగము దానిని పట్టక, మోఁకాళ్ల నొప్పి నోర్చుకొనుచు నరుగుపైఁ జతికిలఁబడి, యా యిల్లాలిని దగ్గఱకుఁ బిలిచి, "ఇతఁడు ఇంట నెట్టివాఁడో మొదట నీవు చెప్పు తల్లీ" యని యడిగి చెవి యొగ్గి వినసాగెను.