ఐదేళ్ళ అనుభవం

పెళ్ళైన కొత్తలో మొగుడు ఆమెకి పెట్టిన ముద్దుపేరు పిండిరాణి. పెద్ద హోటల్లో కేకులూ బ్రెడ్లూ చేసే విభాగంలో ఆమె పని. ఎంత కడుక్కున్నా చెవి వెనకో మోచేతి దగ్గరో పిండి మిగిలిపోయేది. అతనిది కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. ఇంటికి రాగానే ఆమెని వెలుతురుకి తిప్పి, "ఇదుగో, ఇక్కడ ఇంకో రొట్టెకి సరిపడా ఉంది" అని నవ్వేవాడు.

ఆమెని పై దేశానికి తరిమింది కూడా అతనే.

"ఇక్కడే ఉంటే తల నెరిసేదాకా ట్రేలకి వెన్న రాస్తూనే ఉంటావు. రెండేళ్ళు బయట చేసిరా, ఈ హోటలే నిన్ను నెత్తిన పెట్టుకుంటుంది."

"మరి నువ్వో?"

"నేనెక్కడికి పోతాను? గుంజకి కట్టేసినవాణ్ణి."

వెళ్ళింది. అక్కడి షెఫ్ నోరు తెరిస్తే నిప్పులే, కానీ పని మాత్రం దాచుకోకుండా నేర్పాడు. చక్కెర పాకాన్ని తీగలా సాగదీసి పూరేకులు చెయ్యడం ఆమె వేళ్ళు కాల్చుకునే నేర్చుకుంది. రెండేళ్ళు నిండేసరికి ఆమె కింద మనుషుల్ని ఇచ్చారు. "ఇంకొక్క ఏడాది" అంది. "సరే" అన్నాడు. మరుసటేడూ అదే మాట, అదే సరే.

నాలుగో ఏట అతనికి కడుపులో ఏదో వాచి అర్జెంటుగా ఆపరేషన్ పడింది. ఆమె టికెట్ వెతుకుతూనే, వచ్చేవారం కేకుల పోటీ ఉందని నోరు జారింది.

"ఎందుకులే, పక్కింటాయన ఉన్నాడుగా. గెలిచి రా" అన్నాడు.

గెలిచింది. పతకం ఫొటో పంపితే బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఫోన్లో ఏం వండావు, వాన పడిందా, అంతే.

ఐదేళ్ళకి తిరిగొచ్చింది. అతనన్నట్టే పాత హోటల్ విభాగం మొత్తం ఆమె చేతిలో పెట్టింది. ఒకప్పుడు కసిరిన సూపర్‌వైజరే లేచి నిలబడ్డాడు. కాళ్ళు నేల మీద ఆనకుండా ఇంటికొచ్చి చెప్పింది.

"చాలా సంతోషం" అన్నాడు. చుట్టానికిచ్చినట్టు సాసర్లో పెట్టి టీ ఇచ్చాడు. కప్పు కడగబోతే, "కూర్చో, ఏది ఎక్కడుంటుందో నీకు తెలీదు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, మర్యాద. నెలలు గడిచినా ఆ మర్యాద కరగలేదు.

ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగేసింది. "ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు."

"నా మీద కోపమా?"

"కోపమైతే బాగుండేది, ఎప్పటికైనా తగ్గేది." తల దించుకున్నాడు. "ఆపరేషనప్పుడు నీకోసం బెంగపడి ఏడ్చాను. ఆ ఏడుపుతోనే బెంగా పోయింది. పంపింది నేనే, తప్పు నీది కాదు. నువ్వు లేకుండా బతకడం నానా తంటాలూ పడి నేర్చుకున్నాను. ఇప్పుడది మర్చిపోవడం నా వల్ల కావట్లేదు."

"నేను మళ్ళీ అలవాటవుతాను. కాస్త టైమివ్వు."

"ఇన్నాళ్ళూ నేనూ చూశాను. నీ అడుగుల చప్పుడు వింటే ప్రాణం లేచి రావాలి కదా. ఎవరో వచ్చారనిపిస్తోంది."

ఆమె వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి, ఆ చప్పుడు మాటున వెక్కి వెక్కి ఏడ్చింది. అతను గుమ్మం దాకా వచ్చాడు గానీ లోపలికి రాలేకపోయాడు.

హోటల్ వాళ్ళిచ్చిన క్వార్టర్‌కి మారేరోజు సూట్‌కేసులు అతనే కిందికి మోశాడు. కారు తలుపు వేస్తూ, "చేరాక ఫోన్ చెయ్యి" అన్నాడు.

చేసింది. "చేరాను."

"మంచిది."

ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టలేదు. చివరికి ఆమే పెట్టేసింది.