బుద్రి అడుగు నిద్ర

అరకు లోయలో కొండవాలున ఉన్న ఆ ఊళ్ళో పొద్దున్నే బుద్రి ఇంటిముందు ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు. బుద్రి అడ్డాకులు ఒళ్ళో వేసుకుని పుల్లలతో విస్తళ్ళు కుడుతూ వాళ్ళ సంగతి వినేది. పన్నుపోటుతో కన్ను మూయనివాడొకడు, జొరంలో కలవరించే పిల్లని ఎత్తుకొచ్చిన తల్లి ఒకతె. అందరికీ కావలసింది నిద్రే. బుద్రి అరచేత్తో తన కనురెప్పలు మెల్లగా తుడుచుకుని, ఆ చెయ్యే ఎదుటివాళ్ళ కళ్ళమీద పెట్టేది. వాళ్ళు అక్కడే అరుగుమీద వాలిపోయేవారు. ఇచ్చినంత నిద్ర ఆ రాత్రి ఆమెకి తగ్గేది. మర్నాటికి ఊటలో నీళ్ళలా మళ్ళీ ఊరేది. ఎలుగుబంటి చీరేసిన మనిషికి కుట్లు వేసిన రోజున కూడా బుద్రి నిద్రే పనికొచ్చింది.

ఆమె కోడలు కనకకి వానల్లో ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బిడ్డకి నీళ్ళుపోసి, వెనక్కి తిప్పి చూసి, గబగబా గుడ్డ చుట్టేసింది. దొడ్డికి వెళ్ళే దారి ఉండవలసిన చోట చర్మం నున్నగా మూసుకుపోయి ఉంది. ముందువైపు, ఒంటేలు వచ్చే చోటికి కాస్త కింద, జొన్నగింజ పట్టేంత కన్నం ఉంది. శుక్రవారం పుట్టిందని సుక్రి అన్నారు. పాలు తాగినన్నాళ్ళూ పల్చగా ఆ కన్నంలోంచే పోయేది. కనక పిల్లని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. గుడ్డలు ఉతకడానికి అందరూ వెళ్ళే రేవు వదిలేసి, గెడ్డ వాగు వెంట పైకి పోయేది.

చోడంబలి, అంటే రాగిజావ, నాకించడం మొదలుపెట్టాక అసలు కష్టం వచ్చింది. గట్టిపడింది ఆ కన్నంలోంచి రాలేదు. పిల్ల కడుపు డప్పులా బిగిసింది. ముక్కీ ముక్కీ మొహం నల్లబడేది. తండ్రి మంగ్లు ఊరి పూజారి చేత కొండదేవతకి కోడిని కోయించాడు. కడుపు తగ్గలేదు.

కొండజొరానికి క్వినైను ఇవ్వడానికి అప్పుడప్పుడు విజయనగరం నుంచి డాక్టరు జగన్నాథరావు సంతకి వచ్చేవాడు. ఆ వారం కూడా వచ్చాడు. కనక వరసలో నిలబడింది గాని, తన వంతు వచ్చేసరికి వెనక్కి తిరిగింది. బుద్రి ఆమె భుజం పట్టుకుంది.

"సూపించు."

"ఇంతమందిలోనా అత్తా?"

"బండి సాటుకి పద. ఆ బాబునే రమ్మందాం."

డాక్టరు బండిచాటుకి వచ్చాడు. చేతులు కడుక్కుని పిల్లని చాలాసేపు చూశాడు. కడుపు తట్టాడు, గుండెలమీద గొట్టం పెట్టి విన్నాడు.

"మా వల్ల ఏటైనా తప్పు జరిగిందా బాబూ?" అన్నాడు మంగ్లు.

"తప్పేమీ లేదు. తల్లి కడుపులో ఉన్నప్పుడు దారి పూర్తిగా తయారవలేదు. పేగు కిందికి దిగింది గాని, చోటు తప్పి ముందుకి తెరుచుకుంది. కోసి, దాని చోటికి తెచ్చి కుట్టొచ్చు."

"బతుకుద్దా?"

"కోతకి తట్టుకుంటుంది. నా భయం మత్తుమందుతో. ఛాతీలో నెమ్ము ఇంకా గురగురలాడుతోంది. క్లోరోఫారం పీలిస్తే ఊపిరి నిలవకపోవచ్చు. ఆగుదామంటే ఈ కడుపు ఆగనివ్వదు." డాక్టరు గొట్టం మడిచి పెట్టుకున్నాడు. "పోయినేడు ఒక పసివాడు నా చేతుల్లోనే అలా పోయాడు."

బుద్రి అంది: "నిద్ర నాను ఇత్తాను బాబూ."

ఆమె నిద్ర సంగతి సంతలో విని ఉన్న డాక్టరు ఆమెవైపు తిరిగాడు. "కత్తి తగిలినా లేవకూడదు. తర్వాత కూడా కొన్నాళ్ళు ఏడవకుండా, ముక్కకుండా ఉంటేనే కుట్లు నిలుస్తాయి. అంత నిద్ర ఉందా నీ దగ్గర?"

బుద్రి తన కనురెప్పలు వేళ్ళతో నొక్కి చూసుకుంది. "పై నిద్ర సాలదు. అడుగుది తియ్యాల."

"ఐతే బేగి పిల్లని విజయనగరం తీసుకురండి," అన్నాడు డాక్టరు.

పై నిద్ర రోజూ ఊరేది. అడుగు నిద్ర పుట్టుకతో వచ్చింది, ఒకసారి తీసేస్తే మళ్ళీ రాదు, ఆపైన పై నిద్రా ఊరదు. ఆ అడుగు నిద్రలోనే బుద్రికి చనిపోయిన పెనిమిటి సొంబ్ర కనిపించేవాడు. పొయ్యి పక్కన కూర్చుని, పొగాకు చుట్టుకుంటూ ఊరి కబుర్లు అడిగేవాడు. ఈ సంగతి ఇంట్లో కనకకి ఒక్కతెకే తెలుసు.

ఘాటురోడ్డు దిగుతున్న బండిలో కనక అడిగింది. "ఇంక మావ కనిపించడు గదా అత్తా?"

"ఆడు సచ్చినోడు. ఎక్కడికీ పోడు. ఈ గుంటపిల్లైతే పోద్ది." బుద్రి పిల్ల పాదాలు తన చేతుల్లో వెచ్చగా పట్టుకుని కూర్చుంది. చెమ్మగిల్లిన కళ్ళని ఒకటికి రెండుసార్లు చీరచెంగుతో అద్దుకుంది.

శృంగవరపుకోటలో బస్సెక్కి విజయనగరం చేరారు. ఆసుపత్రిలో అప్పలనర్సమ్మ అనే నర్సు పిల్లని తన చేతుల్లోకి తీసుకుంది. సన్నని రబ్బరు గొట్టంతో గోరువెచ్చని నీళ్ళు పట్టి, లోపల గట్టిపడినదంతా ఓపిగ్గా కరిగించి తీసింది. ఆ వాసనకి కనక సిగ్గుపడి తలొంచుకుంటే, "నాకూ పిల్లలున్నారమ్మా, ఇటు పట్టుకో," అంది. కనక బిడ్డని కడిగేటప్పుడు మరో మనిషి పక్కనుండడం అదే మొదలు.

కడుపు మెత్తబడ్డాక ఆపరేషను పెట్టారు. బుద్రికి స్నానం చేయించి, జుట్టుకి తెల్లగుడ్డ కట్టి, బల్ల తలవైపు కూర్చోబెట్టారు. ఆమె తన కళ్ళమీద చెయ్యి పెట్టుకుంది. ఎప్పట్లా తుడిచి తీసెయ్యలేదు. లోతు బావిలోంచి నిండు కుండ లాగుతున్నట్టు ఆమె మెడనరాలు పొంగాయి. ఆ చెయ్యి సుక్రి కళ్ళమీద పెట్టగానే పిల్ల పిడికిళ్ళు విడిపోయాయి.

"కానీండి బాబూ."

డాక్టరు కోశాడు. అప్పలనర్సమ్మ నాడి పట్టుకుని నిలబడింది. పేగు చివర విడదీసి వెనక్కి తెచ్చి, కొత్త చోట చుట్టూ ఒక్కొక్క కుట్టూ వేస్తూండగా సుక్రి పెదాలు కదిలాయి. డాక్టరు చెయ్యి ఆగింది. "లేస్తోందా?"

బుద్రి వంగి చూసింది. పిల్ల నవ్వుతోంది.

"లేదు బాబూ. దాని తాతొచ్చుంటాడు. కుట్టండి."

డాక్టరు కుట్టడం పూర్తిచేశాడు.

సుక్రి రోజుల తరబడి పడుకుంది. ఆకలైనప్పుడు కళ్ళు తెరవకుండానే పాలు తాగి మళ్ళీ నిద్రలోకి జారేది. కుట్లకి చీము పట్టలేదు. అవి మానాక అప్పలనర్సమ్మ తల్లిని పిలిచింది.

"కొత్త దారి ఊరుకుంటే ముడుచుకుపోతుంది. రోజూ చిటికెనవేలికి ఆముదం రాసి ఇలా పెట్టి తియ్యాలి. నెలల తరబడి మానకూడదు."

కనక వేలు పెట్టబోయింది. పిల్ల కెవ్వుమంది. కనక చెయ్యి వెనక్కి లాక్కుంది. "నా వల్ల కాదత్తా. నువ్వు సెయ్యి. కాస్త నిద్ర పెట్టు దీనికి."

"నా కాడ నిద్ర లేదు కనకా," అంది బుద్రి. "అయిపోనాది. ఇంక నీ సెయ్యే."

కనక ఆముదంగిన్నె దగ్గరికి లాక్కుంది. పిల్ల ఏడుస్తూనే ఉంది, తనూ ఏడుస్తూనే ఉంది. వేలు మాత్రం ఆగలేదు.

ఊరికి తిరిగొచ్చాక కూడా ఆ పని మానలేదు. ఒకరోజు పిల్ల ఏడవకుండా తల్లి జుట్టు పట్టుకుని ఆడుకుంటూ ఉండిపోయింది. కనక ఉతికే గుడ్డలతో మళ్ళీ అందరి రేవుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

బుద్రికి మరి నిద్ర రాలేదు. చీకటి పడ్డాక చోడిచేలోకి పోయి మంట వేసుకుని కూర్చునేది. ఆ యేడు ఊరి చేలల్లో అడవిపంది అడుగు పడలేదు. పొద్దున్నే అలవాటుకొద్దీ జనం వచ్చేవారు. ఇవ్వడానికి ఏమీ లేదని ఆమె చెప్పేది. వాళ్ళు వెంటనే లేవకుండా తమ బాధ చెప్పుకుని, ఆమె పోసిన అంబలి తాగి వెళ్ళేవారు. సొంబ్ర గుర్తొచ్చినప్పుడు పొగాకు నలిపి వాసన చూసుకునేది.

లోయంతా వలిసెలు పసుపుపచ్చగా పూసిన రోజుల్లో, ఇంటెనక వలిసె మడిలో మంగ్లు కలుపు తీస్తున్నాడు. సుక్రి అప్పటికి నడుస్తోంది. మడి మూలకి పోయి, పూలమొక్కల మధ్య తనంత తనే గొంతుకూర్చుంది. మంగ్లు చూసి నోరు తెరవబోతే బుద్రి చెయ్యెత్తి ఆపింది. కనక చేటతో వచ్చి అలాగే నిలబడిపోయింది. ముగ్గురూ ఉన్నచోటినుంచే చూశారు. పిల్ల తీరిగ్గా పని ముగించుకుని లేచి, ఒక కోడిపెట్ట వెనకాల పరిగెత్తింది. కనక వెళ్ళి చూసింది. మామూలు పిల్లలందరిదీ ఎలా ఉంటుందో అలాగే ఉంది, ఎక్కడుండాలో అక్కడే పడింది. ఆమె చేట కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపలేకపోయింది.

ఆ పంట కోసినప్పుడు మంగ్లు ఆ రోజు సుక్రి కూర్చున్న మూలనున్న గుప్పెడు మొక్కలు కొయ్యకుండా పక్కనుంచి పోయాడు. ఎందుకని ఊళ్ళో ఎవరూ అడగలేదు.